బాకీ పడే హోదా

పులికాట్ సరస్సు ఒడ్డున ఫోన్ లేని ఇల్లు వెతకడం కష్టం. ఫోన్ బిల్లు వచ్చే ఇల్లు వెతకడం అంతకంటే కష్టం. తడ మొదలుకొని సూళ్లూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు దాకా ఈ ఉప్పునీళ్ల చుట్టూ ఉన్న పాళేలన్నీ తిరిగి రండి. పడవలో, ఐస్ పెట్టె మీద, చొక్కా జేబులో, నడుముకు దోపిన సంచిలో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. "పోయిన నెల నాకు బిల్లు ఎక్కువొచ్చింది" అని వాపోయే మనిషి మాత్రం తారసపడడు. ఇక్కడ దాదాపు అందరూ డబ్బు కట్టి మాట్లాడేవాళ్లే. మాట్లాడి డబ్బు కట్టేవాళ్లు కొద్దిమంది. వాళ్లు శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ ఉద్యోగుల క్వార్టర్లలోనో, బ్యాంకు మేనేజరు కుర్చీలోనో, శ్రీసిటీ ఫ్యాక్టరీల ఏసీ గదుల్లోనో ఉంటారు.

దేశమంతా చూసినా లెక్క ఇలాగే ఉంది. మొబైల్ వాడేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ప్రీపెయిడ్. కాబట్టి వేలితో నాలుగంకెలు నొక్కి, తెర మీద ఆకుపచ్చ టిక్కు చూసి, "హమ్మయ్య, ఫోన్ బిల్లు కట్టేశా" అనుకునేవాళ్లలో చాలామంది కట్టింది బిల్లు కాదు, అడ్వాన్సు.

ఇది నా చాదస్తం అనుకోకండి. ఈ తేడాను రిజర్వ్ బ్యాంకే పాటించింది. బిల్లులన్నీ ఒకే దారిన కట్టుకునే ఏర్పాటు, భారత్ బిల్ పేమెంట్ సిస్టమ్, 2016లో మొదలైంది. మొదట కరెంటు, టెలిఫోను, డీటీహెచ్, గ్యాసు, నీళ్లు. 2019 సెప్టెంబరులో మళ్లీ మళ్లీ వచ్చే బిల్లులన్నిటికీ తలుపు తీశారు గానీ ప్రీపెయిడ్ రీచార్జిని మాత్రం గుమ్మం బయటే నిలబెట్టారు. 2021లో గానీ లోపలికి రానివ్వలేదు. డీటీహెచ్ కూడా ముందే కట్టేదే కదా, దాన్ని మొదటే ఎలా రానిచ్చారని అడక్కండి, ఆఫీసు కాగితాల తర్కం కొంతదూరమే నడుస్తుంది. అసలు సంగతి న్యాయంగానే ఉంది. బిల్లంటే బాకీ. ముందే చెల్లించినవాడికి బాకీ ఎక్కడిది?

బాకీ పడటం కూడా ఒక హోదానే అని నాకు చాలా కాలంగా అనిపిస్తోంది. అది అందరికీ దొరకదు. ముందు వాడుకో, తర్వాత ఇద్దువులే అని అనిపించుకోవాలంటే ఎదుటివాడి దృష్టిలో మనకు ఒక ఇల్లు, ఒక పేరు, ఒక రేపు ఉండాలి. ఆన్‌లైన్ చెల్లింపుల సౌకర్యం గురించి ఎంతో చెప్పుకుంటాం. క్యూలు పోయాయి, చిల్లర గొడవ పోయింది, బస్సెక్కి సూళ్లూరుపేటకు పోయే పని తప్పింది. అన్నీ నిజమే. ఆ హడావుడిలో ఈ హోదా ఎక్కడ జారిపోయిందో, అసలు ఎవరికి ఉండేదో ఎవరూ పట్టించుకోలేదు.

టెలిఫోను డిపార్టుమెంటు రోజులు గుర్తున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. అప్పటికింకా బీఎస్ఎన్ఎల్ పుట్టలేదు, అది 2000 అక్టోబరులో వచ్చింది. వీధికో ఫోను ఉంటే గొప్ప. మిగతా వీధంతా పెళ్లి శుభలేఖల మీద, దరఖాస్తుల మీద ఆ ఇంటి నంబరే రాసి పక్కన 'పీపీ' అని పెట్టుకునేది. ఫోనున్న ఆయన డిపాజిట్ కట్టి, ఏళ్లకేళ్లు వెయిటింగ్ లిస్టులో కాచుకుని, చివరికి ఆ నల్ల పెట్టెను తెచ్చుకున్నాక మాత్రం సర్కారు ఆయన్ని నమ్మేది. రెండు నెలలు మాట్లాడుకోనిచ్చేది. తర్వాత కాగితం పంపేది. కట్టకపోతే ఒక్క దెబ్బన తెంచేది కాదు. ముందు మనం చేసే కాల్స్ ఆపేది, వచ్చేవి వస్తూ ఉండేవి. అప్పటికీ కట్టకపోతే అవీ ఆగేవి. ఆఖరున లైను పోయేది. మర్యాదస్తుడైన అప్పులవాడు గుమ్మం ముందు దగ్గినట్టుగా ఉండేది ఆ వరస.

ఆ కాగితానికి ఇంకో విలువ ఉండేది. బ్యాంకులో ఖాతా తెరవాలన్నా, గ్యాసు కనెక్షన్ కావాలన్నా, పాస్‌పోర్టుకు పెట్టుకోవాలన్నా టెలిఫోను బిల్లు చూపిస్తే చాలు, ఈ మనిషి ఈ చిరునామాలో ఉన్నాడని ఒప్పుకునేవారు. పాస్‌పోర్టు వాళ్ల జాబితాలో ల్యాండ్‌లైన్ బిల్లు గానీ పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లు గానీ అని స్పష్టంగా ఉంటుంది. ప్రీపెయిడ్ రీచార్జి రసీదు ఎన్ని వందలదైనా పనికిరాదు. పదేళ్లుగా ప్రతి నెలా క్రమం తప్పకుండా ముందే డబ్బు కట్టినవాడికి చిరునామా లేదు, రెండు నెలలు బాకీ పెట్టినవాడికి ఉంది! ఇందులో తప్పు పట్టడానికి లేదు. ముందే డబ్బు పుచ్చుకున్నవాడికి మన ఇల్లెక్కడో తెలియాల్సిన పనేముంది? బాకీ ఉన్నవాడి ఇల్లే కదా వెతుక్కోవాలి.

ఆ బిల్లులు కట్టే తిప్పలు తగ్గించడానికి మన రాష్ట్రం దేశంలో అందరికంటే ముందే పూనుకుంది. 1999 డిసెంబరులో హైదరాబాద్‌లో 'ట్విన్స్' పేరుతో ప్రయోగం చేసి, 2001 ఆగస్టులో దాన్నే ఈ-సేవగా పెట్టారు. కరెంటు, నీళ్లు, టెలిఫోను, మునిసిపల్ పన్ను అన్నీ ఒకే కిటికీలో. ఆ తర్వాత 2011 నవంబరులో మీసేవ చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. అప్పటికి మేం నెల్లూరు జిల్లా, తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్‌లో. మీసేవ కౌంటరు ముందు మా పాళేల జనం బాగానే కనపడేవాళ్లు. బిల్లు కట్టడానికి కాదు, కుల ధ్రువీకరణకో, ఆదాయ ధ్రువీకరణకో, రేషన్ కార్డు పనికో. ఒక కిటికీ ముందు ఒకే వరసలో నిలబడ్డా కొందరు చెల్లించడానికి వచ్చినవాళ్లు, కొందరు తమను తాము రుజువు చేసుకోవడానికి వచ్చినవాళ్లు.

మొబైల్ మన దేశానికి 1995 జూలై 31న వచ్చింది. కలకత్తా నుంచి అప్పటి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో కాల్ వచ్చినా డబ్బే, చేసినా డబ్బే. అది మా ఒడ్డుకు చేరేసరికి ప్రీపెయిడ్ రూపంలోనే చేరింది. నాణెంతో గీకే కార్డులు, తర్వాత ఈజీ రీచార్జి. జనం దాన్ని రెండు చేతులా తీసుకున్నారు. డిపాజిట్ లేదు, వెయిటింగ్ లిస్టు లేదు, పది రూపాయలుంటే పది రూపాయలంత మాట్లాడొచ్చు. పడవ ఒడ్డు చేరుతుంటే ఏజెంటుకు ఒక మిస్డ్ కాల్ కొడితే చాలు, కాటా, ఐసు సిద్ధంగా ఉండేవి. ఆ సమాచారానికి పైసా ఖర్చు లేదు.

ఆ రోజుల్లో చీకాకు కూడా ఒకటుండేది. ఈ సరస్సులో ఎక్కువ భాగం మనది, దక్షిణాన కొంత తమిళనాడుది. నీళ్ల మీద గీత ఉండదు. తడ దాటి కాస్త దిగువకు పోయేసరికి ఫోను ఆరంబాకం వైపు టవరును పట్టుకుని, తమిళనాడుకు స్వాగతం అంటూ మెసేజ్ చూపించేది. రోమింగ్ చార్జీలున్న కాలం అది. ఇంటి నుంచి పెళ్లాం చేసిన కాల్ ఎత్తితే చాలు, బ్యాలెన్స్ తరిగిపోయేది. బిల్లు వచ్చేవాడైతే నెలాఖరున కాగితం ముందేసుకుని, నేను ఊరు దాటలేదండీ అని వాదించుకోవచ్చు. ముందే కట్టినవాడికి వాదించే అవకాశం ఉండదు. డబ్బు పోయాకే సంగతి తెలుస్తుంది.

అయితే కంపెనీ నమ్మకపోయినా ఊళ్లో నమ్మేవాడు ఒకడుండేవాడు. అతను రీచార్జి కొట్టు అన్న. తడ బజారులో గానీ, సూళ్లూరుపేట బస్టాండు పక్కన గానీ, భీములవారిపాళెం రేవుకు పోయే దారిలో గానీ అలాంటి కొట్టు ఒకటి ఉండి తీరేది. గోడల నిండా నెట్‌వర్కుల పోస్టర్లు, అద్దాల పెట్టెలో చార్జర్లు, ఇయర్‌ఫోన్లు, బల్ల మీద రెండు మూడు డొక్కు ఫోన్లు, వాటి పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్. ఆ నోట్‌బుక్కులో ఊరి నంబర్లన్నీ ఉండేవి.

"అన్నా, నా నంబరుకు యాభై ఎయ్యి. వల తీసినాక ఇస్తా."

"మొన్నటి ముప్పయ్యో?"

"రెండూ కలిపే ఇస్తాలే, యాడికి పోతాం."

అతను గొణిగేవాడు, వేసేవాడు, నోట్‌బుక్కులో గీసుకునేవాడు. ఆ బ్యాలెన్స్ అతను డిస్ట్రిబ్యూటరు దగ్గర ముందే డబ్బు పోసి కొన్నది. వందకు రెండు మూడు రూపాయల కమిషన్ కోసం ఊరందరి బాకీ తను మోసేవాడు. అంటే కంపెనీ ఊరికి ఇవ్వనన్న పోస్ట్‌పెయిడ్‌ను కొట్టు అన్న ఇచ్చాడు. ఇరకం దీవి నుంచి పడవలో వచ్చిన మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియకపోయినా ఇచ్చాడు. కట్టనివాళ్లూ ఉండేవాళ్లు. వాళ్ల పేర్లూ ఆ నోట్‌బుక్కులోనే, అదే వరసలో ఉండేవి, ఎర్ర ఇంకుతో.

యాప్ వచ్చాక పోయింది ఆ నోట్‌బుక్కు. 2016 ఒక్క ఏడాదిలోనే ఎన్ని జరిగాయో చూడండి. ఏప్రిల్‌లో యూపీఐ, సెప్టెంబరులో జియో, నవంబరులో పెద్దనోట్ల రద్దు, డిసెంబరు చివర భీమ్ యాప్. రెండు మూడేళ్లకు రొయ్యల తట్ట పక్కన కూడా క్యూఆర్ కోడ్ అట్ట నిలబడింది. రీచార్జి ఎవరి ఫోన్లో వాళ్లు చేసుకోవడం మొదలైంది. కొట్టు అన్న స్క్రీన్ గార్డులు అంటించే పనిలోకి మారాడు. బజారులో ఎవరూ బాధపడినట్టు లేదు, అతనితో సహా. బాకీలు వసూలు చేసుకునే పీడ వదిలిందని అతనే నాతో అన్నాడు. కానీ "వల తీసినాక ఇస్తా" అన్న మాట ఇప్పుడు ఎవరితో అనాలి? యాప్‌కు సాయంత్రం లేదు. ఖాతాలో ఉంటే ఇప్పుడే, లేకపోతే లేదు.

కంపెనీలు అసలు అప్పే ఇవ్వలేదనడం అన్యాయం అవుతుంది. బ్యాలెన్స్ అయిపోయిన వేళ ఏదో ఒక నంబరు నొక్కితే పది రూపాయల టాక్‌టైమ్ లోను ఇచ్చేవాళ్లు. తర్వాతి రీచార్జిలో పన్నెండో పదమూడో కోసుకునేవాళ్లు. మనిషి మీద నమ్మకానికి పది రూపాయల దగ్గర హద్దు గీశారు. వడ్డీ లెక్క కట్టి చూస్తే మా వైపు రోజు వడ్డీల వాళ్లు కూడా సిగ్గుపడతారు.

ఇప్పుడు కొట్టు అన్న స్థానంలోకి పిల్లలొచ్చారు. తడకు పక్కనే శ్రీసిటీ. 2015 ఆగస్టులో అక్కడి ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమి ఫోన్ల తయారీ మొదలైంది. తెల్లారక ముందే కంపెనీ బస్సులు ఊళ్లలోకి వస్తాయి. మెడలో ట్యాగు, చేతిలో టిఫిన్ బాక్సుతో ఆడపిల్లలు ఎక్కుతారు. వాళ్లలో ఒక పిల్ల పగలంతా ఫోన్లు బిగించి, రాత్రి హాస్టల్లో మంచం మీద కూచుని తన ఫోనుకు, అమ్మ ఫోనుకు, చదువుకునే తమ్ముడి ఫోనుకు రీచార్జి చేస్తుంది. ఇంటికి మనియార్డరు పంపే కాలం పోయి ఇలా వ్యాలిడిటీ పంపే కాలం వచ్చింది. సరస్సుకు అవతల గట్టున శ్రీహరికోట. 2022 అక్టోబరులో ఒకసారి, 2023 మార్చిలో ఇంకోసారి, వన్‌వెబ్ వాళ్ల ఇంటర్నెట్ ఉపగ్రహాలు ముప్పయ్యారేసి అక్కణ్నుంచే పైకి పోయాయి. ప్రయోగం రోజున జాలర్లను సముద్రంలోకి పోనివ్వరు. ఒక పక్క ఫోన్లు తయారవుతాయి, ఇంకో పక్క వాటికి మాటలు మోసే ఉపగ్రహాలు ఎగురుతాయి, మధ్యలో ఉన్నవాళ్ల ఫోన్లో అవుట్‌గోయింగ్ ఉండదు. దీన్ని చోద్యం అనడం తప్ప ఇంకేమనాలో నాకు తెలియదు.

ఇక కంపెనీల నెల సంగతి. ఇరవై ఎనిమిది రోజుల నెల ఎవరు కనిపెట్టారో గానీ వాడికి పంచాంగం బాగా వచ్చు. చంద్రుడు ఒక నక్షత్రం దగ్గర బయల్దేరి మళ్లీ అక్కడికి రావడానికి ఇరవై ఏడు రోజుల పైచిల్లర. అమావాస్య నుంచి అమావాస్యకు ఇరవై తొమ్మిదిన్నర. రెంటికీ మధ్య ఎక్కడో కంపెనీ వాడు తన అమావాస్యను పెట్టుకున్నాడు. ఏడాదికి పదమూడు నెలలు. మన పంచాంగంలో అధికమాసం మూడేళ్లకోసారి వస్తే గొప్ప. ఫోను పంచాంగంలో ఏటా వస్తుంది, దక్షిణతో సహా. పులికాట్ మీద బతికేవాడి లెక్క పోటునూ పాటునూ బట్టి ఉంటుంది, ముఖద్వారం తెరుచుకుందా పూడిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. వేసవిలో నీళ్లు వెనక్కి పోతే పడవ నడవని చోట మనుషులు నడుస్తారు. బయట సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ అరవై ఒక్క రోజుల్లో కూడా ఫోను అమావాస్య రెండుసార్లు వచ్చి పోతుంది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ప్రతి కంపెనీ ముప్పయ్యి రోజుల ప్లాను ఒకటైనా, ప్రతి నెలా అదే తేదీకి వచ్చేది ఒకటైనా పెట్టాలని చెప్పింది. 2024 డిసెంబరులో డేటా అక్కర్లేనివాళ్లకు మాటలు, మెసేజ్‌లకే పరిమితమైన వోచర్లు పెట్టమంది, గడువు ఏడాది దాకా ఇవ్వొచ్చంది. ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి. యాప్ తెరవగానే ముందుకొచ్చి నిలబడేవి మాత్రం అవి కావు. 2005 చివర్లో తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయలు కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ ఉచితం అన్న పథకం గుర్తుందా? 2018 చివరికొచ్చేసరికి అదే ఇన్‌కమింగ్ బతకాలంటే కనీసం ముప్పై అయిదు రూపాయలు వేస్తూ ఉండాలన్నారు. ఒక జీవితం పదమూడేళ్లని అప్పుడు తెలిసింది.

ఇవన్నీ నేను భీములవారిపాళెంలో రొయ్యలు అమ్మే ఒకామెతో అన్నాను. వరస లేకపోయినా అత్తా అని పిలుస్తాను. బిల్లు రాకపోవడం పేదవాళ్లకు జరిగిన అవమానం అన్న నా వాదన విని ఆమె తట్ట మీద ఈగలు తోలుతూ నవ్వింది.

"బిల్లు రాలేదని ఏడస్తా ఉండావా నాయనా? బిల్లు వచ్చినోడి ఇంటికి ఎనకాల్నే మనిషి కూడా వస్తాడు. ఈ ఫోనోడు నా గుడిసెకాడికి రాడు. దుడ్లుంటే మాట్లాడతా, లేకుంటే మూసి పెడతా. ఎవుడికీ తలకాయ వంచే పన్లేదు."

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె మాట వెనక ఉన్నది ఫోను కాదు, దళారి. వలకు, పడవకు, పిల్ల పెళ్లికి, ఆసుపత్రికి అడ్వాన్సు ఇచ్చేది అతనే. వడ్డీ అడగడు, కాగితం రాయించుకోడు. పట్టిన సరుకు తనకే పోయాలంటాడు, ధర తను చెప్పిందే అంటాడు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఉత్తర కేరళ జాలర్ల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. మొబైల్ వచ్చాక వాళ్లు సముద్రం మీద నుంచే ఏ రేవులో ధర ఎంతో కనుక్కుని అక్కడికి పడవ తిప్పారు, రేవు రేవుకూ ఉన్న ధరల తేడా బాగా తగ్గింది, కొనేవాళ్లు లేక చేపలు పారబోసుకోవడం పోయింది, జాలరి లాభం ఎనిమిది శాతం పెరిగింది, కొనేవాడికి నాలుగు శాతం తగ్గింది అని లెక్కలతో చూపించాడు. ప్రపంచమంతా ఆ కథ చెప్పుకుంది. మంచి కథే. కానీ ధర తెలియడం ఒకటి, ఆ ధరకు అమ్ముకోగలగడం ఇంకొకటి. మా అత్తకు చెన్నైలో రొయ్య ఎంత పలుకుతుందో పొద్దున్నే వాట్సాప్‌లో వస్తుంది. సరుకు మాత్రం దళారి కాటాలోనే పడుతుంది. ఆమెకు బాకీ పడే హోదా బాగానే ఉంది, ఆ హోదా ధర కూడా తెలుసు.

అయినా నేను పూర్తిగా ఓడిపోలేదు. "అత్తా, నువ్వు బాకీ లేవు, సరే. వాడుకోక ముందే డబ్బు పోస్తున్నావంటే నువ్వే వాడికి అప్పిస్తా ఉండావు. ఇరవై ఎనిమిది రోజుల వాడకానికి మొదటి రోజే మొత్తం ఇస్తివి. దేశంలో ఇట్లాంటి సావుకార్లు వంద కోట్ల మంది" అన్నాను.

"అట్లయితే వడ్డీ అడుగు" అంది.

అడిగే సందర్భం ఒకటి వస్తూనే ఉంటుంది. రేవు దగ్గర సిగ్నల్ రెండు గీతల మీద ఊగుతున్నప్పుడు రీచార్జి చేసి చూడండి. బ్యాంకు నుంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తుంది, యాప్‌లో పసుపు రంగు గుండ్రం తిరుగుతూ ఉంటుంది, వ్యాలిడిటీ రాదు. నాకు ఇది బాగా పరిచయమైన అవస్థ. అప్పుడు మనం ఎవరికి అప్పిచ్చామో కూడా తెలియదు. బ్యాంకు యాప్ వైపు చూపిస్తుంది, యాప్ కంపెనీ వైపు చూపిస్తుంది, కంపెనీ మళ్లీ బ్యాంకునడగమంటుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో దీనికి ఒక నియమం పెట్టింది. యూపీఐలో వ్యాపారికి పంపిన డబ్బు అతనికి చేరినట్టు ఖరారు కాకపోతే అయిదు రోజుల్లో తిరిగి మన ఖాతాలో పడాలి, దాటితే ఆపైన రోజుకు వంద రూపాయలు ఇవ్వాలి, అదీ మనం అడక్కుండానే. చదువుతుంటే ముచ్చటేస్తుంది. మా ఒడ్డున ఇంటింటికీ ఉన్న చిన్న సావుకార్లకు వడ్డీ వచ్చే ఏకైక దారి ఇదే మరి. డబ్బు వెనక్కి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఆ వంద చూపించినవాణ్ని ఇంకా చూడలేదు.

కొట్టు అన్నల జాతి పూర్తిగా అంతరించిందనుకోకూడదు. కేబులాయన మిగిలాడు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నూటా నలభై తొమ్మిది రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ అన్నారు. తీగ సర్కారుది, ఇంటి దాకా లాగేది మాత్రం ఊళ్లో ఉన్న కేబులాయనే. నెల మొదట్లో మోటారు సైకిలు మీద వస్తాడు. ఇప్పుడు అతని ఫోను వెనకా క్యూఆర్ అట్ట ఉంది. అయినా ఇంట్లో పరిస్థితి చూస్తాడు. "ఈ నెల ఆసుపత్రి కర్చులమ్మా" అంటే "సరే పెద్దమ్మా, వచ్చే నెల రెండూ కలిపియ్యి" అని బండి తిప్పుకుంటాడు. పైకి కట్టాల్సింది అతను కట్టేస్తాడనే అనుకుంటాను. ఆన్‌లైన్‌లో కడితే ఈ మాట దొరకదని తెలిసే చాలా ఇళ్లవాళ్లు చేతిలో యాప్ ఉన్నా అతను వచ్చేదాకా ఆగుతారు. వెనకబాటుతనం అని పట్నం వాళ్లు అనుకోవచ్చు. నేనైతే లెక్క తెలిసినతనం అంటాను.

ఇంతకీ మా పాళేల్లో అందరికీ నిజంగా వచ్చే బిల్లు ఒకటే, కరెంటు బిల్లు. తిరుపతిలో ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ మనిషి నెలనెలా వచ్చి మీటరు చూసి, మెడలో వేలాడే మిషన్ నుంచి పొడుగాటి చీటీ చింపి ఇచ్చి పోతాడు. ఇళ్లల్లో దాన్ని క్యాలెండరు మేకుకు గుచ్చుతారు. ఆ చీటీ మీద ఉండే పేరు చాలాసార్లు ఇంట్లో ఎవరిదీ కాదు. ఎప్పుడో పోయిన తాతది. మనవళ్లు ఫోన్లో యాప్ తెరిచి సర్వీసు నంబరు కొడితే తాత పేరు వస్తుంది, పర్వాలేదు మన బిల్లే అని కట్టేస్తారు. ఫోను కంపెనీ బతికున్నవాణ్ని ఇరవై ఎనిమిది రోజులకు మించి నమ్మదు, కరెంటోళ్లు చచ్చిపోయినవాణ్ని కూడా నెలంతా నమ్ముతున్నారు.

ఈ మాట అత్తతో అన్నప్పుడు స్మార్ట్ మీటర్ల గురించి కూడా చెప్పాను. 2021లో కేంద్రం తెచ్చిన విద్యుత్ పంపిణీ పథకంలో ఇళ్లకు ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది ఒక ముఖ్యాంశం. అవి మన దాకా వస్తే ముందు డబ్బు వేసుకోవాలి, వేసుకున్నంతే వెలుగుతుంది, చీటీ ఇచ్చే మనిషి రాడు అన్నాను. ఇంటికి మనిషి రాకపోవడమే మేలు అన్న ఆవిడ కదా, సంతోషిస్తుందేమో అనుకున్నాను.

ఆమె ఈగలు తోలడం ఆపింది.

"అదీ ఇరవై ఎనిమిది రోజులకేనా?" అంది.